నెబ్రాస్కాలో ఏమీ లేదంటున్నారా, ఐ-80 దిగి చూశారా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. కార్నీలో జాబ్ వచ్చింది, డాలస్‌లో ఉన్న ఫ్రెండ్సేమో "నెబ్రాస్కానా, మొక్కజొన్న తప్ప ఏముంటుంది అక్కడ, ఓమహా నుంచి డెన్వర్ దాకా గీత గీసినట్టు ఒకటే రోడ్డు, నిద్రొస్తుంది, వెళ్ళకు" అంటున్నారు, ఊళ్ళు ఎలా ఉంటాయి, మనుషులు ఎలా ఉంటారు, చలికాలం డ్రైవింగ్ ఎలా అని అడిగావు. నేను 2006లో లింకన్‌కి ఎమ్మెస్ చదవడానికి వచ్చాను, తర్వాత ఇక్కడే ఉద్యోగం, పొలాల్లో తిరిగే నీటి పివట్లకి కంట్రోల్ ప్యానెళ్ళు బిగించడం, రిపేర్లు చూడటం నా పని, ఆ పని మీద ఈ స్టేట్‌లో ఉన్న 93 కౌంటీల్లో నాలుగైదు తప్ప అన్నీ తిరిగాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిక చేసుకుని చదువు.

ముందు ఊరి పేరు. స్పెల్లింగ్ చూసి కియర్నీ అనకు, కార్నీ అనాలి. అలాగే బియాట్రిస్ అనే ఊరుంది, అందులో "యా" మీద ఒత్తి పలకాలి, గ్రాండ్ ఐలాండ్ పక్కన కైరో స్పెల్లింగ్‌తో ఒక ఊరుంది, దాన్ని కేరో అంటారు. ఊరి పేరు సరిగ్గా పలికితే ఎదుటి మనిషి మొహంలో మార్పు నీకే కనిపిస్తుంది, మన దగ్గర ఎవరైనా బయటివాళ్ళు వచ్చి కదిరి, మదనపల్లె తప్పు లేకుండా పలికితే మనకెంత సంతోషమో అంతే.

ఇప్పుడు అసలు విషయం. నీ ఫ్రెండ్స్ చెప్పింది అబద్ధం కాదు, కానీ వాళ్ళు చూసింది నెబ్రాస్కా కాదు, ప్లాట్ నది ఒడ్డు. ఐ-80 అంటే తూర్పు నుంచి పడమటికి పోయే ఇంటర్‌స్టేట్ హైవే, ఈ స్టేట్‌లో దాదాపు 455 మైళ్ళు ఉంటుంది, అందులో చాలా భాగం ప్లాట్ నదినీ, దాని దక్షిణపు పాయనీ పట్టుకునే వెళ్తుంది. ఎందుకంటే నది ఒడ్డున నేల చదును, ఎడ్లకి నీళ్ళు, గడ్డి దొరుకుతాయి. 1840ల్లో ఒరెగాన్‌కీ కాలిఫోర్నియాకీ బండ్లు కట్టుకుని పోయినవాళ్ళు ఇదే దారిన పోయారు, 1865లో ఓమహా దగ్గర పట్టాలు వేయడం మొదలుపెట్టిన యూనియన్ పసిఫిక్ రైలూ ఇదే దారి, 1913లో వచ్చిన లింకన్ హైవే, అంటే ఇప్పటి యూఎస్ 30, అదీ ఇదే దారి, చివరికి ఇంటర్‌స్టేట్ కూడా. బండ్ల చాళ్ళ పక్కన రైలు, రైలు పక్కన రోడ్డు, రోడ్డు పక్కన ఐ-80. 1974 అక్టోబర్‌లో సిడ్నీ అనే ఊరి దగ్గర ఆఖరి ముక్క కలిపి, తన మెయిన్ ఇంటర్‌స్టేట్ మొత్తం పూర్తి చేసిన మొదటి రాష్ట్రం నెబ్రాస్కానే, ఆ మాట ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్తారు. అందుకే బయటివాళ్ళందరూ ఈ రాష్ట్రంలో ఉన్న అన్నింటికంటే చదునైన పట్టీ మీద గంటకి 75 మైళ్ళ స్పీడులో పోయి, ఏమీ లేదని చెప్తారు. నెల్లూరు నుంచి తుని దాకా హైవే మీద పోయినవాడు అరకూ చూడకుండా, నల్లమల చూడకుండా, మా అనంతపురం గుట్టలు చూడకుండా ఆంధ్రా అంతా చదునే అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పేరులోనే ఉంది చూడు. ఓటో తెగవాళ్ళ భాషలో నెబ్రాస్కా అంటే చదునైన నీళ్ళు, అది ఈ నదికే పెట్టిన పేరు. తర్వాత వచ్చిన ఫ్రెంచి వాళ్ళు కూడా చదును అనే అర్థంలోనే ప్లాట్ అన్నారు. మైలు వెడల్పు, అంగుళం లోతు అని ఆ నది గురించి పాత సామెత. నేను మొదటిసారి గ్రాండ్ ఐలాండ్ దగ్గర బ్రిడ్జి మీద నిలబడి చూసినప్పుడు మా పెన్న గుర్తొచ్చింది, ఇసుక తిన్నెలు, మధ్యలో పాయలు పాయలుగా నీళ్ళు, ఒక పాయ ఇవాళ ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు.

చదును అన్నది కూడా కంటికి మాత్రమే. ఓమహా సముద్రమట్టానికి సుమారు 1,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, పడమటి చివర కింబల్ దగ్గరికి వచ్చేసరికి 4,700 అడుగులు, ఇంకా మూలకి పోతే పనోరమా పాయింట్ 5,400 అడుగుల పైనే. అంటే నువ్వు రోజంతా ఎక్కుతూనే ఉంటావు, కానీ ఎంత నిదానంగా అంటే నీకు తెలియదు, కారుకి తెలుస్తుంది, పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి, ఎత్తు రెండూ కలిసి మైలేజి పడిపోతుంది, తిరుగు ప్రయాణంలో అదే ట్యాంకుతో ఇంకా ముందుకొస్తావు.

ఐ-80 లెక్క ఒకటి చెప్తాను, రోజూ పనికొస్తుంది. ఎగ్జిట్ నంబర్లు వ్యోమింగ్ బోర్డర్ నుంచి మైళ్ళ లెక్కన ఉంటాయి. కార్నీ 272. లింకన్ డౌన్‌టౌన్ 401, అంటే తీసివేత చేస్తే 129 మైళ్ళు. ఓమహా 450 చుట్టుపక్కల. గ్రాండ్ ఐలాండ్ 312. అటు పడమటికి నార్త్ ప్లాట్ 177, ఒగలాలా 126, 102 దగ్గర ఎడమకి చీలేది ఐ-76, అదే డెన్వర్ పోయే దారి. లింకన్‌కీ గ్రాండ్ ఐలాండ్‌కీ మధ్య 70 మైళ్ళ పైన వంపు అనేదే ఉండదు, నీ ఫ్రెండ్స్‌కి నిద్రొచ్చింది అక్కడే. నార్త్ ప్లాట్ దాటాక కీత్ కౌంటీలో అడుగు పెట్టగానే గడియారం గంట వెనక్కి పోతుంది, అపాయింట్‌మెంట్లు ఉంటే గుర్తుపెట్టుకో. ఇంకో మాట, మీ కార్నీ నుంచి అటు బోస్టన్‌కి 1,733 మైళ్ళు, ఇటు శాన్‌ఫ్రాన్సిస్కోకి 1,733 మైళ్ళు అని లింకన్ హైవే రోజుల నుంచీ చెప్పుకుంటారు. దేశం నట్టనడుమ ఉన్నామనే భావం ఆ ఊరివాళ్ళకి బాగా ఉంది.

ఎగ్జిట్ 222, కోజాడ్. అక్కడ 100వ రేఖాంశం పోతుందని బోర్డు ఉంటుంది. చాలామంది ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, కానీ నన్నడిగితే ఈ స్టేట్ మొత్తం అర్థం చేసుకోవడానికి ఆ గీత ఒక్కటి చాలు. దానికి తూర్పున వాన మీద పంట పండుతుంది, ఆగ్నేయ మూల ఏడాదికి 30 అంగుళాల పైన పడుతుంది. పడమటికి పోయేకొద్దీ తగ్గి తగ్గి, పాన్‌హ్యాండిల్ అనే పడమటి ముక్కలో 15 అంగుళాల చుట్టూ ఉంటుంది, అంటే 380 మిల్లీమీటర్లు. మా అనంతపురంలో సగటున 550 పడుతుంది. మాకంటే తక్కువ వాన పడే చోట చక్కెర దుంప పండిస్తున్నారు, మొక్కజొన్న పండిస్తున్నారు. వచ్చిన కొత్తలో ఇది నాకు మింగుడు పడలేదు.

కారణం కింద ఉంది. ఒగలాలా ఆక్విఫర్ అని భూగర్భ జలం, ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుని ఉంది, అందులో ఉన్న మొత్తం నీళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు నెబ్రాస్కా కిందే ఉన్నాయి. మా నాన్న ఐదు బోర్లు వేయించాడు, పాయింటు చూసే ఆయన కొబ్బరికాయ పట్టుకుని పొలమంతా తిరిగి చూపించిన చోటల్లా వేయించాడు, నాలుగింట్లో నీళ్ళు పడలేదు, దుమ్మే లేచింది, పడిన ఒక్కటీ మూడో ఏడుకి ఎండిపోయింది, అమ్మ నగలు అప్పుడే పోయాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాణ్ణి, నా ఉద్యోగంలో మొదటి వేసవి హోల్డ్రెజ్ దగ్గర ఒక పొలంలో పివట్ ఆన్ చేసి చూపించారు. పావు మైలు పొడుగు ఇనప గొట్టం, చక్రాల టవర్ల మీద నిలబడి ఉంటుంది, మధ్యలో బోరు, ఆ బోరు చుట్టూ గడియారం ముల్లులా మెల్లగా తిరుగుతుంది. 160 ఎకరాల చదరంలో అది తడిపే గుండ్రం 130 ఎకరాల దాకా వస్తుంది, మూలలు మిగిలిపోతాయి. చీకటి పడ్డాక అక్కడే నిలబడ్డాను, ముందు ఒక టవర్ మోటారు గుర్రుమని ఆగడం, తర్వాత పక్కది, మొక్కజొన్న ఆకుల మీద నీటి చుక్కలు పడే చప్పుడు, తడి మట్టి వాసన. ఇంటికి ఫోన్ చేసి నాన్నకి ఆ చప్పుడు వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు ఆయన, తర్వాత "ఎన్ని అడుగుల్లో పడిందిరా" అని అడిగాడు.

విమానంలో డెన్వర్ నుంచి ఓమహా వచ్చేటప్పుడు కిందకి చూస్తే కనిపించే ఆకుపచ్చ చక్రాలన్నీ ఇవే. ఈ మెషీన్‌కి 1952లో పేటెంట్ తీసుకున్నది ఫ్రాంక్ జైబాక్ అనే రైతు, దాని హక్కులు 1954లో కొని తన ఫ్యాక్టరీలో తయారు చేయించింది ఓమహా పక్కన వ్యాలీ అనే చిన్న ఊళ్ళో రాబర్ట్ డాహర్టీ, ఇప్పుడు ప్రపంచమంతా వెళ్ళేవి అక్కడి నుంచే మొదలయ్యాయి.

కానీ నీళ్ళు ఉన్నాయని తోడుకుంటూ పోలేదు, నాకు ఎక్కువ గౌరవం కలిగింది ఆ విషయంలో. 1972 నుంచి ఇక్కడ నేచురల్ రిసోర్సెస్ డిస్ట్రిక్ట్‌లు అని ఉన్నాయి, ఇప్పుడు 23, వాటి హద్దులు కౌంటీల ప్రకారం కాదు, వాగులూ నదుల పరీవాహక ప్రాంతం ప్రకారం గీశారు, బోర్డు మెంబర్లని జనం ఓటేసి ఎన్నుకుంటారు. కొత్త బోరుకి పర్మిషన్ వాళ్ళిస్తారు, కరువు ప్రాంతాల్లో బోరుకి మీటరు పెట్టి ఇన్నేళ్ళకి ఇన్ని అంగుళాలు అని కోటా ఇస్తారు. నైరుతి మూల ఇంపీరియల్ వైపు రైతులు దశాబ్దాలుగా ఆ మీటర్ల కిందే సేద్యం చేస్తున్నారు. అక్కడ ఒక రైతు నాతో మాట్లాడుతూ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, ఈ ఏడు నాకింకా మూడంగుళాలు మిగిలాయి అన్నాడు, బ్యాంకులో బ్యాలెన్స్ చెప్పినట్టు చెప్పాడు. ఊళ్ళో అందరూ ఒకే చెరువు నీళ్ళు వంతులేసుకుని పారించుకునే పద్ధతి మనకీ ఉండేది, నీరుగట్టి ఉండేవాడు, బోర్లు వచ్చాక అది పోయింది. ఇక్కడ బోర్లకే ఆ పద్ధతి పెట్టారు. అన్నిచోట్లా బాగుందని చెప్పను, కొన్ని ప్రాంతాల్లో నీటిమట్టం పడిపోయింది, ఎరువుల నైట్రేట్ బావుల్లోకి దిగి కొన్ని ఊళ్ళలో తాగే నీళ్ళకి ఇబ్బంది వచ్చింది, అది పెద్ద సమస్యే.

ఇక శాండ్‌హిల్స్. తమ్ముడూ, నువ్వు కార్నీలో చేరాక మొదటి మూడు రోజుల సెలవు దొరికిన వెంటనే గ్రాండ్ ఐలాండ్ నుంచి హైవే 2 ఎక్కు, అలయన్స్ దాకా 272 మైళ్ళు, బ్రోకెన్ బో, హాల్సీ, తెడ్‌ఫర్డ్, మలెన్, హయానిస్ మీదుగా. రాష్ట్రంలో నాలుగో వంతు ఇసుక దిబ్బలే, పశ్చిమార్ధగోళంలో ఇంత పెద్ద దిబ్బల ప్రాంతం ఇంకోటి లేదు. ఎడారి అనుకోకు, దిబ్బల మీదంతా గడ్డి, ఆ గడ్డి వేళ్ళే ఇసుకని కట్టేసి పట్టుకున్నాయి. దిబ్బల మధ్య పల్లంలో ఉన్నట్టుండి చెరువులు కనిపిస్తాయి, ఆక్విఫర్ నీళ్ళే పైకి తేలి కనిపిస్తున్నాయన్నమాట. ఎక్కడైనా గడ్డి తెగితే గాలి ఆ గుంటని తవ్వుకుంటూ పోతుంది, బ్లోఅవుట్ అంటారు, పాత టైర్లూ ఎండుగడ్డి మోపులూ వేసి దాన్ని ఆపడానికి చూస్తారు ర్యాంచ్ వాళ్ళు. అందుకే అక్కడ దున్నరు, పశువులే. ఈ రాష్ట్రంలో మనుషులు సుమారు 20 లక్షలు, పశువులు సుమారు 60 లక్షలు. 1904లో కింకెయిడ్ చట్టం అని తెచ్చి, 160 ఎకరాలతో ఇక్కడ బతకలేరని మనిషికి 640 ఎకరాలు ఇచ్చారు, అయినా చాలామంది నిలవలేక వదిలేసి పోయారు.

చెర్రీ కౌంటీ ఒక్కటే దాదాపు 6,000 చదరపు మైళ్ళు, సుమారు మన పాత చిత్తూరు జిల్లా అంత. చిత్తూరు జిల్లాలో 2011లో 41 లక్షల మంది ఉన్నారు, చెర్రీలో 2020 లెక్కల ప్రకారం 5,500 మంది. ఆ ఖాళీ ఎలా ఉంటుందో చెప్పడం కష్టం, కారు ఆపి ఇంజిన్ కట్టేస్తే గడ్డిలో గాలి చప్పుడు, దూరంగా గాలిమర ఇనుము కిర్రుమనడం, అంతే. ఉన్నట్టుండి వందకి పైగా వ్యాగన్లతో బొగ్గు రైలు వస్తుంది, వ్యోమింగ్ గనుల నుంచి తూర్పుకి పోయేది, హైవే పక్కనే పట్టాలు, అది దాటిపోయాక మళ్ళీ నిశ్శబ్దం. హాల్సీ దగ్గర అడవి కనిపిస్తే ఆశ్చర్యపోకు, అది దానంతటది పుట్టింది కాదు, చార్ల్స్ బెస్సీ అనే ప్రొఫెసర్ పట్టుబట్టి 1902 నుంచి మనుషుల చేత ఒక్కో మొక్కా నాటించాడు.

2011లో ఏప్రిల్ నెలలో మలెన్ దగ్గర నా కారు ఒక ర్యాంచ్ రోడ్డులో ఇసుకలో దిగిపోయింది. ఫోన్ సిగ్నల్ లేదు. గంట సేపటికి ఒక పికప్ వచ్చింది, ముసలాయన, నన్ను ఏమీ అడగలేదు, గొలుసు తీశాడు, కట్టాడు, లాగాడు, అయ్యాక అప్పుడు అడిగాడు ఎక్కడి నుంచి వచ్చావని. ఇండియా అన్నాను. అది కాదు, ఏ కౌంటీ నుంచి అన్నాడు, నా నంబర్ ప్లేటు అక్షరాలతో ఉందట. అప్పుడు తెలిసింది నాకు, ఇక్కడ ప్లేటు మీద మొదటి అంకె కౌంటీ నంబరు. 1922లో ఏ కౌంటీలో ఎన్ని బండ్లు ఉన్నాయో లెక్కగట్టి ఆ వరసలో ఇచ్చిన నంబర్లు. గ్రాండ్ ఐలాండ్ ఉన్న హాల్ 8, మీ కార్నీ ఉన్న బఫలో 9, చెర్రీ 66, మలెన్ ఉన్న హుకర్ కౌంటీ 93, అన్నింటికంటే ఆఖరు. ఓమహా, లింకన్ వాళ్ళకీ, ఓమహాని ఆనుకుని ఉన్న సార్పీ వాళ్ళకీ 2002 నుంచి మామూలు అక్షరాల ప్లేట్లు. అంటే అంకె లేదంటేనే నువ్వు సిటీవాడివని తెలిసిపోతుంది. 93 వాళ్ళు తమ నంబరుని ఎంత ఇష్టంగా చెప్పుకుంటారో చూడాలి.

అక్కడి రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండా చూపుడు వేలు ఒకటి పైకెత్తుతాడు. అది నమస్కారం. నువ్వూ ఎత్తాలి. మొదట్లో నాకు తెలియక ఊరుకునేవాణ్ణి, ఇప్పుడు ఓమహాలో కూడా వేలు లేస్తుంది.

మనుషుల గురించి అడిగావు కదా. రెండు ముక్కలు అనుకో. 2020లో ఓమహా, లింకన్, సార్పీ ఉన్న మూడు కౌంటీల్లోనే సగానికి పైగా జనం, మిగతా 90 కౌంటీల్లో మిగతావాళ్ళు, వాటిలో 500 మంది కూడా లేనివి కొన్ని. పడమటి వాళ్ళకి ఎప్పుడూ ఒక బాధ ఉంటుంది, డబ్బంతా, రోడ్లన్నీ, నిర్ణయాలన్నీ తూర్పున జరుగుతాయని, స్కాట్స్‌బ్లఫ్ వాళ్ళకి డెన్వర్ 200 మైళ్ళు, ఓమహా 450 మైళ్ళు, గడియారం కూడా వేరు. మా రాయలసీమ వాళ్ళకి ఈ బాధ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఓమహావాళ్ళకేమో బయట దేశమంతా తమని మొక్కజొన్న రైతులనుకుంటుందని బాధ. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఈ రాష్ట్రానికి ఉన్న ఎలక్టోరల్ ఓట్లు కూడా 1992 నుంచి నియోజకవర్గాల వారీగా ముక్కలుగా పంచుతారు, 2008లో, 2020లో, 2024లో ఓమహా ముక్క ఒకటి మిగతా రాష్ట్రంతో కాకుండా విడిగా పోయింది.

అయినా కలిసి ఉండే విషయాలు ఉన్నాయి. కరెంటు చూడు, ఇళ్ళకీ పొలాలకీ కరెంటు ఇచ్చే సంస్థలన్నీ జనానివే, ప్రైవేటు కంపెనీ ఒక్కటీ లేదు, అమెరికాలో అలాంటి రాష్ట్రం ఇదొక్కటే. శాసనసభ ఒకటే సభ, 49 మంది, పార్టీ పేరు లేకుండా పోటీ, సెనేటర్ జార్జ్ నారిస్ 1934లో ఊరూరా తిరిగి ఓటు వేయించి తెచ్చాడు, అలాంటిది కూడా ఇదొక్కటే. ఇక యూనివర్సిటీ ఫుట్‌బాల్. లింకన్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడైపోతున్నాయని లెక్క, ఆట రోజు స్టేడియం రాష్ట్రంలో మూడో పెద్ద ఊరవుతుందంటారు. ఆటల్లో పెద్ద ప్రొఫెషనల్ టీమ్ ఏదీ లేదు కాబట్టి వాలెంటైన్ అనే ఊరి ర్యాంచర్ అయినా ఓమహా బ్యాంక్ మేనేజర్ అయినా అదే ఎర్ర చొక్కా. 2023 ఆగస్టు 30న అదే స్టేడియంలో ఆడపిల్లల వాలీబాల్ పెడితే 92,003 మంది వచ్చారు. ఈ సంఖ్య ఇక్కడ చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు.

నార్త్ ప్లాట్ గురించి తప్పకుండా చెప్పాలి. ప్రపంచంలోనే అతిపెద్ద రైల్వే యార్డు, బెయిలీ యార్డ్, అక్కడుంది, టవరెక్కి చూడొచ్చు. కానీ నాకు ఆ ఊరంటే గుర్తొచ్చేది క్యాంటీన్. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల రైళ్ళు ఇంజినుకి నీళ్ళు పట్టడానికి అక్కడ పది పదిహేను నిమిషాలు ఆగేవి. 1941 క్రిస్మస్ రోజు నుంచి 1946 ఏప్రిల్ 1 దాకా, ప్రతి రోజూ, ప్రతి రైలుకీ, ఊరి ఆడవాళ్ళు శాండ్‌విచ్‌లు, కాఫీ, కేకులు పట్టుకుని స్టేషన్లో నిలబడ్డారు, డబ్బు తీసుకోలేదు. వంద పైగా ఊళ్ళు వంతులు వేసుకుని తెచ్చాయి, కోళ్ళు, గుడ్లు, వెన్న, చక్కెర రేషన్లో ఉన్న రోజుల్లో తమ వాటా తగ్గించుకుని పుట్టినరోజు కేకులు చేసి తెచ్చారు. దాదాపు 60 లక్షల మంది సైనికులు తిన్నారు. అప్పటికి ఆ ఊరి జనాభా 12,000. మన స్టేషన్లలో ఎండాకాలం చలివేంద్రం పెట్టినవాళ్ళని చూసి పెరిగాను కాబట్టి ఇది విన్నప్పుడు ఈ మనుషులు నాకు పరాయివాళ్ళు అనిపించలేదు.

చరిత్ర అంతా మంచిదే కాదు. యూఎస్ 20 మీద క్రాఫర్డ్ పక్కన ఫోర్ట్ రాబిన్సన్ ఉంది, 1877 సెప్టెంబర్ 5న లకోటా నాయకుడు క్రేజీ హార్స్‌ని చంపింది అక్కడే. అదే ఏడు పోంకా తెగని నయోబ్రారా ఒడ్డు నుంచి బలవంతంగా దక్షిణానికి తోలారు, అక్కడ కొడుకు చనిపోతే, ఆ ఎముకలు సొంత నేలలో పూడ్చాలని వాళ్ళ నాయకుడు స్టాండింగ్ బేర్ మంచులో నడిచి వెనక్కి వచ్చాడు, పట్టుకుని ఖైదు చేశారు. 1879లో ఓమహా కోర్టులో చట్టం దృష్టిలో అమెరికన్ ఇండియన్ కూడా మనిషే అని తీర్పు వచ్చింది. ఇప్పుడు వాషింగ్టన్ క్యాపిటల్‌లో ఈ రాష్ట్రం తరఫున నిలబెట్టిన రెండు విగ్రహాల్లో ఒకటి ఆయనది. ఈ రోడ్లన్నీ ఎవరి నేల మీద వేశారో అక్కడికి పోతే తెలుస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి చోటుందా అంటే, ఇక్కడ అందరూ ఒకప్పుడు కొత్తవాళ్ళే. విల్బర్‌లో చెక్‌లు, ఇంకోచోట స్వీడన్ వాళ్ళు, రష్యా నుంచి వచ్చిన జర్మన్లు, వాళ్ళు తెచ్చిందే రన్జా, బన్నులో క్యాబేజీ, బీఫ్ పెట్టి కాల్చేది, 1949 నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు. ఇప్పుడు లెక్సింగ్టన్‌లో సగానికి పైగా మెక్సికో, గ్వాటెమాలా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, మాంసం ప్లాంట్ల పని కోసం వచ్చారు, సోమాలీలు కూడా ఉన్నారు. లింకన్‌లో ఇరాక్ నుంచి వచ్చిన యజీదీలు, అమెరికాలో వాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు అదే. మనవాళ్ళు ఓమహాలో బాగానే ఉన్నారు, గుడి ఉంది, ఉగాదికి జనం నిండిపోతారు. కార్నీలో మాత్రం తక్కువ, కందిపప్పు, చింతపండు లింకన్ పోయినప్పుడు నెలకి సరిపడా తెచ్చుకో. ఒంటరితనం ఉంటుంది, దాచను. చిన్న ఊళ్ళలో కిరాణా కొట్టు మూసేశారు, పక్క ఊరి బడితో బడి కలిపేశారు, చదువుకున్న పిల్లలు ఓమహాకో డెన్వర్‌కో పోతున్నారు, ఊళ్ళో మిగిలేది ధాన్యం ఎలివేటరు, నీళ్ళ ట్యాంకు, చర్చి. కార్నీ అలా కాదు, యూనివర్సిటీ ఉంది, హాస్పిటళ్ళు ఉన్నాయి, నిలబడిన ఊరు.

చలికాలం గురించి సూటిగా చెప్తాను. మంచు కంటే గాలి ప్రమాదం. పైన ఆకాశం నీలంగా ఉంటుంది, కింద పడిన మంచునే గాలి లేపి రోడ్డు మీద తెల్లగా గోడ కడుతుంది, ముందు ట్రక్కు వెనక లైట్లు కనిపించవు. ఐ-80 ఎక్కే ర్యాంపుల దగ్గర గేట్లు ఉంటాయి, రైలు గేట్ల లాంటివే, పరిస్థితి బాగాలేకపోతే వేసేస్తారు. గేటు వేస్తే ఆ ఊళ్ళోనే ఆగిపో, పక్కన యూఎస్ 30 ఉంది కదా అని పోవద్దు, అక్కడ ఇరుక్కుంటే తీసేవాళ్ళు ఆలస్యంగా వస్తారు. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే 511 చూడు, దారిలో కష్టమొస్తే ఫోన్లో స్టార్ 55 కొడితే స్టేట్ పెట్రోల్ వస్తుంది. డిక్కీలో దుప్పటి, పార, నీళ్ళు, ఫోన్ ఛార్జరు. కారు ఇరుక్కుంటే దిగి నడవకు, కార్లోనే ఉండు, పొగ గొట్టం చుట్టూ మంచు తీసేసి అప్పుడప్పుడు ఇంజిన్ వేసుకో. శాండ్‌హిల్స్ వైపు పోతే ట్యాంకు సగం అవగానే నింపు. సాయంత్రం పూట జింకలు, అక్టోబర్ నవంబర్లలో మరీ ఎక్కువ, ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుందనుకుని బ్రేక్ మీద కాలు పెట్టు.

చలి తగ్గుముఖం పట్టే మార్చి నెలలో నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు, ప్రపంచమే కార్నీకి వస్తుంది. శాండ్‌హిల్ క్రేన్లు, మన బెగ్గురు పక్షుల జాతి, ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఆ ప్లాట్ నది మీద 5 లక్షల పైన దిగుతాయి, ప్రపంచంలో ఉన్న వాటిలో ఎక్కువ భాగం ఆ కొద్ది మైళ్ళలోనే. పగలంతా పొలాల్లో రాలిన మొక్కజొన్న గింజలు తిని, రాత్రికి నదిలో చీలమండ లోతు నీళ్ళలో నిలబడి పడుకుంటాయి, నక్క వస్తే నీళ్ళ చప్పుడుకి తెలుస్తుందని. అంగుళం లోతు అన్నారే, ఆ లోతు లేకపోవడమే వాటికి కావాలి. మా పాప నాలుగేళ్ళప్పుడు తీసుకెళ్ళాను, చీకట్లో కనిపించలేదు, వినిపించాయి, గొంతులో గులకరాళ్ళు పెట్టుకుని వేలమంది ఒకేసారి పిలిచినట్టు, వెలుగు రాగానే నదికి నదే లేచినట్టు అన్నీ పైకి లేచాయి, మా పాప నా చెవి గట్టిగా పట్టుకుంది.

గిబ్బన్ దగ్గర రో శాంక్చువరీలో కూర్చుని చూడటానికి బుకింగ్ చేసుకోవాలి, కానీ నీకు దగ్గర్లో ఫోర్ట్ కార్నీ పక్కన పాత రైలు బ్రిడ్జి ఉంది, ఇప్పుడు నడిచే దారి చేశారు. సూర్యాస్తమయానికి గంట ముందు పో, మందపాటి కోటు, గ్లవ్స్, టోపీ వేసుకో, నది మీద గాలి కోసేస్తుంది, ఫ్లాష్ కట్టేయి, ఫోన్ సైలెంట్‌లో పెట్టు, కారు తలుపు గట్టిగా వేయకు.